లోపల ఎవరైనా ఉన్నారా

పొద్దున్నే తొమ్మిదింటికి మా మాస్టారు భద్రం ప్రాణం తీశారు.

నేనప్పుడు స్నానానికి వెళ్ళాను. తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన కంప్యూటర్ పక్కన, కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఏదో చేసేసి నిలబడ్డ మనిషిని నేను ఆమడ దూరం నుంచి గుర్తుపడతాను. ఇరవై రెండేళ్ల కాపురం మరి.

"ఏం చేశారు?"

"ఏం లేదే. ఆ నారింజరంగు చుక్క వెలుగుతోంది కదా..."

"నొక్కారా?"

"నొక్కాను."

భద్రం అంటే ఎవరో మనిషి అనుకునేరు. వంటింటి పై అరలో డబ్బాల పక్కన బుర్రుమంటూ కూర్చునే నల్లటి పెట్టె అది. లోపల రెండు డిస్కులు. ఫోటోలు, పత్రాలు, పాటలు, ఇంట్లో ఉన్నవన్నీ దాచుకోవడానికి ఏడేళ్ల కిందట నేనే కొని, నేనే బిగించాను. కొత్తలో మాస్టారు రోజూ "అన్నీ భద్రమేనా?" అని అడిగేవారు. చివరికి దానికి ఆ పేరే ఖాయమైంది. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి దాని చిరునామాకి వెళితే ఒక పేజీ వస్తుంది. ఏది లోపల పెట్టాలన్నా, ఏది బయటికి తీయాలన్నా ఆ పేజీలోంచే. మిగతా దారులన్నీ దొంగల భయంతో నేనే మూసేశాను. గదికి ఒక తలుపుంటే చాలన్నది నా నమ్మకం.

ఇవాళ ఆ ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తెల్లటి తెర మీద "ఈ చిరునామాను చేరుకోలేకపోయాం" అని ఒక ముక్క, దాని కింద మూతి ముడుచుకున్న చిన్న బొమ్మ.

ఆ పేజీ మూలన నారింజ చుక్క వెలిగిందంటే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వేసుకోండి అని అర్థం. నెల నుంచీ వెలుగుతోంది. నేను ముట్టుకోలేదు. పనిచేస్తున్నదాన్ని కెలకకూడదని నా పద్ధతి. మాస్టారి పద్ధతి వేరు. ఆయన ఇరవై ఆరేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నారు. బండిలో ఏ దీపం వెలిగినా పక్కకు తీసి, ఆపి, సంగతేమిటో చూడందే కదలకూడదని కొన్ని వేలమందికి చెప్పారు. అలాంటి మనిషి కళ్ళముందు నెలరోజులు దీపం వెలిగితే ఊరుకోగలరా? ఊరుకోలేదు. అది కూడా ఇవాళ.

"ఇవాళే దొరికిందా మీకు? ఇంకో రోజు లేదా?"

"చెప్పేది విను. అదంతా అయిపోయాక ఓ..."

"మీరు మాట్లాడకండి. గొంతుకి రెస్టివ్వమన్నారు."

ఆయన నోరు మూసుకున్నారు. ఇవాళ ఆ మాట అనడం అదే మొదటిసారి. తర్వాత ఎన్నిసార్లన్నానో లెక్కపెట్టుకోలేదు, పెట్టుకోవాల్సింది.

రేపు పొద్దున్న ఏడింటికి ఆసుపత్రిలో ఉండాలి. మాస్టారి గొంతులో పుండుంది, మంచిది కాదు. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు, మాట మాత్రం ఇక ఉండదన్నారు. రెండు నెలల కిందట, గొంతు ఇంకా గొంతులా ఉన్నప్పుడు, అక్కడి స్పీచ్ థెరపీ అమ్మాయి మాకు పద్నాలుగు వందల వాక్యాల జాబితా ఇచ్చింది. "ఇవి చదివి రికార్డు చేసి పంపండి. వాటినుంచి సార్ గొంతు తయారుచేసి ఒక చిన్న ట్యాబ్‌లో పెడతాం. సార్ టైపు చేస్తే అది సార్ గొంతుతోనే పలుకుతుంది," అంది.

మూడు వారాలు చదివారు. గది మోగకూడదని బట్టల అలమర తెరిచి, దుప్పట్ల మధ్య తల దూర్చి చదివేవారు. "వాతావరణం చాలా ఆహ్లాదకరంగా ఉంది," అని దుప్పట్లతో చెబుతూంటే నేను పక్కగదిలో నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేదాన్ని. ఆ పద్నాలుగు వందల వాక్యాలూ భద్రంలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ల్యాప్‌టాప్ ఆఫీసుది, చోటు చాలక అందులోవి తుడిచేశాను. మళ్ళీ చదివిద్దామంటే ఇప్పుడాయన గొంతులో సగం గాలి, సగం ఇసుక.

వారం కిందటే పంపి ఉండొచ్చు. ఒక్కో వాక్యం చివర వచ్చిన దగ్గు కత్తిరిస్తూ కూర్చున్నాను. నిన్న సాయంత్రానికి పూర్తయితే, "రేపు తీరిగ్గా పంపుదాంలే," అన్నదీ నేనే. ఇవాళ సాయంత్రం ఐదులోపు అందాలి. దాటితే గొంతు తయారుచేసే వంతు మళ్ళీ రెండు నెలలకి. అయితే నా భయం ఆ రెండు నెలల గురించి కాదు. పెట్టె లోపల ఏదైనా పాడై ఉంటే ఎప్పటికీ లేదు. మా మాస్టారి గొంతు భూమ్మీద ఇంకెక్కడా లేదు.

కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ముందుగది నుంచి వంటింట్లోకి పద్నాలుగు అడుగులు. కంప్యూటర్ దగ్గర ఏదో ఒకటి నొక్కడం, పరుగున వెళ్ళి పెట్టె మీద దీపాలు చూడడం, మళ్ళీ వెనక్కి రావడం. దీపాలు మూడూ పచ్చగానే ఉన్నాయి. చెయ్యి పెడితే ఒళ్ళు గోరువెచ్చగా ఉంది. బుర్రుమంటోంది. బతికే ఉంది, పలకడం లేదు.

నేను లిఫ్టు మెకానిక్కుని. ఆగిపోయిన యంత్రాలు నాకు కొత్త కాదు. మా పెద్దమేస్త్రీ నేర్పిన వరస ఒకటుంది: కరెంటు, తలుపు, ఆ తర్వాతే మెదడు. కదలని లిఫ్టుల్లో పదింట ఎనిమిదింటికి రోగం తలుపు దగ్గరే ఉంటుందనేవాడు ఆయన. ఆ వరసలోనే మొదలుపెట్టాను. వైరు పీకి పెట్టాను. రౌటర్ ఆపి వేశాను. పెట్టెని మర్యాదగా ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ లేపాను. బ్రౌజర్ మార్చి అదే చిరునామా అతికించాను. దాచుకున్న పాత పేజీలన్నీ తుడిచాను. ఫోన్లోంచి చూశాను. ఎక్కడ చూసినా అదే మూతి ముడుపు. కంప్యూటర్లో ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ తెరిచి, "ఉన్నావా?" అని నెట్‌వర్క్ మీద పిలిస్తే మాత్రం "ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను" అని నాలుగుసార్లు జవాబిచ్చింది. ఉన్నవాడివి తలుపు తీయవేం మరి? అరికాలి మంట నెత్తికెక్కింది.

పదిన్నరకి మాస్టారు మజ్జిగ గ్లాసుతో వచ్చారు. పక్కన పెట్టి, కాసేపు నిలబడి, "ఏమే," అన్నారు. "పొద్దున అది అయ్యాక తెర మీద..."

"మీరు చేసిన నిర్వాకం చాలు. గొంతు నొప్పి పెట్టుకోకండి. ఏదైనా ఉంటే దీని మీద రాయండి."

ఆపరేషన్ తర్వాత పనికొస్తుందని పలక ఒకటి కొన్నాం, రాసి చెరిపేసేది. అది తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద బోర్లించారు.

"పలక రేపట్నుంచి. ఇవాళ నోరుంది."

"మొండితనం."

"నీ దగ్గర నేర్చుకున్నదే," అని వెళ్ళిపోయారు.

పదకొండింటికి కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. మధ్యమధ్య ఒకావిడ నా ఫోను తమకెంతో ముఖ్యమని చెబుతూ వచ్చింది. ఆవిడే ఫోనెత్తి ఉంటే సరిపోయేది కదా. నలభై ఒకటో నిమిషంలో లైను తెగింది. ఆ తర్వాత ఇంటర్నెట్టులో వెతికాను. అచ్చం నా గోడే, ముక్క పొల్లు పోకుండా, ఎవరో వెళ్ళబోసుకున్నారు. అప్‌డేట్ అయ్యాక పేజీ రావడం లేదని, దీపాలు పచ్చగానే ఉన్నాయని. కింద పదిమంది సానుభూతి చెప్పారు. చివర ఆ పెద్దమనిషే, "సరిపోయింది, అందరికీ థాంక్స్," అని రాసి వెళ్ళిపోయాడు. ఎలా సరిపోయిందో ఒక్క ముక్క రాయలేదు. వాడు ఎక్కడున్నా వాడి లిఫ్టు ఎనిమిదో అంతస్తులో ఆగిపోవాలని మనసారా కోరుకున్నాను.

పన్నెండింటికి మా ఆడపడుచు ఫోన్ చేసింది. అన్నయ్య ఎలా ఉన్నాడని అడగడానికి చేసి, నా గొంతు విని సంగతి లాగింది.

"ఒకసారి ఆపి వేసి చూశావా వదినా?"

"తొమ్మిదిసార్లు చూశాను."

"పదోసారి చూడకపోయావా? సరే, అన్నయ్యకివ్వు, కాస్త మాట్లాడతాను."

"గొంతుకి రెస్టు," అన్నాను. "సరేలే వదినా," అని పెట్టేసింది. తను అన్నయ్యతో ఇవాళే ఎందుకు మాట్లాడాలనుకుందో ఆలోచించే తీరిక అప్పుడు నాకు లేదు.

అన్నం తిన్నామో లేదో గుర్తులేదు. రెండింటికి మాస్టారు చొక్కా మార్చుకుని వచ్చారు. చేతిలో కారు తాళాలు. వేలికి తగిలించుకుని గలగలలాడించారు.

"కాసేపు బయటికెళ్దాం రా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "షికారా? ఇల్లు తగలబడుతూంటే షికారు గుర్తొచ్చిందా మీకు? నేనెవరికోసం కొట్టుకు చస్తున్నాను?"

"నాకోసమే. అందుకే ఓ మాట..."

"మాట్లాడొద్దన్నానా!"

ఆయన తాళాలు పిడికిట్లో మూసేశారు. గలగల ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను పనిలో చేరిన మొదటి ఏడాది ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఇరుక్కుంది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని సరాసరి మిషన్ గదికి పరిగెత్తాను. పదకొండు నిమిషాల్లో కిందికి దించాను. తలుపు తెరిస్తే లోపల ఒక పెద్దావిడ నేల మీద చతికిలబడి ఏడుస్తోంది. ఎవరూ రాలేదనుకుంది. పైన నేను పానా తిప్పుతున్న సంగతి ఆవిడకెలా తెలుస్తుంది? పెద్దమేస్త్రీ నన్ను పక్కకు పిలిచి, "నీకవి పదకొండు నిమిషాలు. ఆవిడకి పదకొండు గంటలు. లోపల ఎవరైనా ఉన్నారా అని ముందడుగు. ఉంటే నువ్వెవరో చెప్పు, బయటే ఉన్నానని చెప్పు, ఎలా ఉందో అడుగు. ఆ తర్వాతే సంచీ విప్పు. ముందు మనిషి, తర్వాత మిషను," అన్నాడు. అప్పటినుంచి ఇరవయ్యేళ్లలో ఒక్కసారి తప్పలేదు. కొత్తగా చేరినవాళ్లకు నేనే గొప్పగా చెబుతూంటాను.

మూడు దాటింది. పెట్టెని అరలోంచి దించి వంటింటి నేల మీద పెట్టుకున్నాను. వెనకవైపు సూదిమొన పట్టేంత కన్నం ఒకటుంది. అందులో పిన్నీసు గుచ్చి పది లెక్కపెడితే పెట్టె పుట్టినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది. వెంట వచ్చిన పుస్తకంలో ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: సెట్టింగులు పోతాయి, కొన్ని సందర్భాల్లో దాచుకున్నవి కూడా పోవచ్చు. ఏ సందర్భాల్లోనో రాయలేదు. గోడగడియారం చూశాను. మూడూ పది. పిన్నీసు వంచి సాఫు చేశాను. తాడో పేడో తేలిపోవాలి, ఇంక నావల్ల కాదనిపించింది.

మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మెల్లగా వచ్చి, మోకాళ్లు పట్టుకుని నా ఎదురుగా కింద కూర్చున్నారు. పిన్నీసున్న నా మణికట్టు పట్టుకున్నారు.

"ఏమే."

"మాట్లాడకండీ, మీ గొంతు..."

"రేపు తీసేసే గొంతుకి ఇవాళ విశ్రాంతెందుకే?"

నెమ్మదిగానే అన్నారు. ఆ గరగర నాకు స్పష్టంగా వినిపించింది. పొద్దున్నుంచి మొదటిసారి విన్నాను.

గొంతుకి విశ్రాంతి ఇవ్వమని డాక్టరు చెప్పిన మాట నిజమే. అది నాలుగు నెలల కిందటి మాట, మందులతో తగ్గుతుందేమోనని చూస్తున్నప్పటిది. ఇవాళ దానికి అర్థం లేదు. నాకది తెలియదా? తెలుసు. ఆ మాట చేతికి దొరికింది కాబట్టి, ఆయన నోరు తెరిచినప్పుడల్లా దానితో మూశాను. పద్నాలుగు వందల వాక్యాల కోసం ఆరుగంటలు కొట్టుకున్నాను, పక్కన నిలబడి ఆయన చెప్పబోయిన ఒక్క వాక్యం చివరిదాకా వినలేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. పిన్నీసు గిన్నెల కిందికి ఎక్కడికో పోయింది.

కళ్ళు తుడుచుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక, నోటికి అలవాటైన ముక్కలే అన్నాను.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

మాస్టారికి ఆ కథ తెలుసు. ఎన్నిసార్లు చెప్పానో. కళ్ళు చిట్లించి నన్ను చూశారు. "ఉన్నాను," అన్నారు.

"నేను లిఫ్టు మనిషిని. బయటే ఉన్నాను, ఎక్కడికీ పోను. లోపల ఎలా ఉంది?"

"పొద్దున్నుంచి గంట కొడుతున్నానమ్మా. ఒక్కరూ పలకలేదు."

"తప్పయిపోయింది. చెప్పండి."

"భయంగా ఉందే," అన్నారు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. వాచీ చూడలేదు, గడియారం వైపు తిరగలేదు. చూడకుండా ఉండడానికి మెడ బిగబట్టుకోవాల్సి వచ్చింది. అయినా చూడలేదు.

ఆయన చెప్పారు. మత్తులోంచి లేచాక దాహమేస్తే ఎవర్ని ఎలా పిలవాలో తెలియడం లేదన్నారు. చప్పట్లు కొట్టడం తనకిష్టం లేదన్నారు. నిద్రలో ఎప్పుడైనా నా పేరు పిలుస్తారట, అది ఇక ఉండదు కదా అన్నారు. ఆ సంగతి నాకే తెలియదు, నాది మొద్దు నిద్ర. మధ్యలో దగ్గొచ్చి ఆగారు. నేను ఏమీ కత్తిరించలేదు.

"కారు సంగతి చెబుదామనే పొద్దున్నుంచి చూస్తున్నా," అన్నారు తర్వాత. "ఊళ్ళో సగం మందికి నేర్పాను. పెళ్ళానికి నేర్పలేకపోయాను. అది నన్ను తినేస్తోందే."

పెళ్ళయిన రెండోనెలలో ఒక పాఠం జరిగింది. మూడుసార్లు బండి ఆపేశాను. మూడోసారికి ఆయన, "నీకు కాళ్ళా, కట్టెలా?" అని అరిచారు. రోడ్డు మధ్యలో తలుపు తీసుకుని దిగి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఆ సీట్లో మళ్ళీ కూర్చుంటే ఒట్టన్నాను. ఇరవై రెండేళ్లూ ఆ ఒట్టు మీదే నిలబడ్డాను.

"ఒక్క పాఠంతో డ్రైవింగ్ రాదండీ."

"రాదు. మిగతావి పలక మీద రాసి చెబుతాను. మొదటి పాఠం మాత్రం నోటితోనే చెప్పాలి. క్లచ్ దగ్గర రాసి చూపించే టైముండదు."

"సరే, వెళ్దాం," అన్నాను. భద్రం సంగతి ఏమైతే అదే అవుతుందని నిజంగానే అనుకున్నాను. "ఇంకేమైనా ఉందా?"

"ఇంకేముంది? ఆ, పొద్దున ఓ చిన్న సంగతి చెప్పబోతే కసిరావు. ఆ అప్‌డేట్ అయిపోయాక తెర మీద ఓ కాగితం లాంటిది వచ్చింది. మన స్కూటర్ నంబరు తీసేసి ఇంకేదో నంబరు వేశాడు. నాకు కోపమొచ్చింది. మన బండి నంబరు తీయడానికి వాడెవడు?"

నేను నేల మీంచి లేచి నిలబడ్డాను.

భద్రం చిరునామా చివర నాలుగంకెలుంటాయి. ఇల్లు ఒకటే అయినా ఏ తలుపు దగ్గరికి వెళ్ళాలో చెప్పే అంకెలవి. కంపెనీవాళ్లు పెట్టిన అంకెలు ప్రపంచమంతటికీ తెలుసు కాబట్టి, ఏడేళ్ల కిందట నేనే అవి మార్చి మా పాత స్కూటర్ నంబరు పెట్టాను. అప్పుడే ఆ చిరునామాను కంప్యూటర్లో, ఫోన్లో గుర్తుగా దాచుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాన్ని చేత్తో కొట్టలేదు, చివర ఏముందో చూడలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి నా తలుపు మూసి పాత తలుపు తెరిచింది. నేను పొద్దున్నుంచి మూసిన తలుపు ముందు నిలబడి, ఇంట్లోవాళ్లు చచ్చారని ఏడుస్తున్నాను. పదింట ఎనిమిదింటికి రోగం తలుపు దగ్గరే. పెద్దమేస్త్రీ చెప్పనే చెప్పాడు.

"ఆ నంబరు... గుర్తుందా మీకు?"

"నంబర్లు నాకు గుర్తుండకపోవడమేమిటే? ఎనభై నాలుగు, నలభై మూడు."

వంటింటి నుంచి ముందుగదికి ఉన్న ఆ పద్నాలుగు అడుగులూ ఎన్ని అంగల్లో దాటానో తెలియదు. చిరునామా చేత్తో కొట్టాను. చివర 8443. ఒక్క క్షణం తెల్లగా ఆగి, పేజీ వచ్చింది. నీలంరంగు గుమ్మం, మా ఇద్దరి పాత ఫోటో, పాస్‌వర్డ్ అడిగే గడి. లోపల అన్నీ ఉన్నాయి. పద్నాలుగు వందలూ, ఒకటో నంబరు నుంచి వరసగా. మూలన ఉండే నారింజ చుక్క మాత్రం లేదు.

"అన్నీ భద్రమేనా?" అన్నారు మాస్టారు వెనకనుంచి.

నేను కుర్చీలోంచే వెనక్కి తిరిగి ఆయన నడుము చుట్టూ చేతులు వేసి, చొక్కాలో మొహం దాచుకున్నాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిన దానికి ఇంకేం మాట వస్తుంది?

మూడూ యాభైకి పంపడం మొదలుపెడితే నాలుగూ నలభైకి చివరిది వెళ్ళింది. ఆ యాభై నిమిషాలూ ఎంత వెళ్ళిందో చూపించే గీత తెర మీద జరుగుతూంటే నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను, ఆయన మాట్లాడుతూ కూర్చున్నారు. చెల్లెలికి ఫోన్ చేసి పావుగంట మాట్లాడారు. స్పీచ్ అమ్మాయి ఫోన్ చేసి, "అన్నీ అందాయి మేడమ్, చాలా శుభ్రంగా ఉన్నాయి, ఒక్క దగ్గు లేదు," అంది. అది పొగడ్త. పద్నాలుగు వందల్లో ఒక్క దగ్గు లేదు, ఒక్క విసుగు లేదు, ఒక్క తిట్టు లేదు. "దయచేసి మంచినీళ్లు ఇవ్వండి." "మీ సహాయానికి కృతజ్ఞతలు." "వాతావరణం చాలా ఆహ్లాదకరంగా ఉంది." మా మాస్టారు జన్మలో నాతో అలా మాట్లాడింది లేదు.

ఐదింటికి బయల్దేరాం. మాస్టారి శిక్షణ కారు అది, ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది. గోడౌన్ల వెనక ఖాళీ స్థలం దాకా ఆయన నడిపారు. అక్కడ సీట్లు మారాం. ఎండ వాలుతోంది, నేల చదునుగా ఉంది, అడ్డంగా ఒక్క కుక్క తప్ప ఎవరూ లేరు. ఒట్టు తీసి గట్టున పెట్టి ఆ సీట్లో కూర్చున్నాను.

"ఎడమకాలు పూర్తిగా తొక్కు. గేరు వెయ్యి. ఇప్పుడు కాలు కొంచెం కొంచెంగా వదులు. వదలడమంటే తీసేయడం కాదు."

తీసేశాను. బండి ఎగిరిపడి ఆగింది.

"ఫరవాలేదు. మళ్ళీ."

మళ్ళీ అదే. ఆయన దవడ బిగుసుకుంది. మర్యాదగా ఉండాలని ఇంట్లోనే నిర్ణయించుకుని వచ్చినట్టున్నారు. మూడోసారి కూడా ఆగిపోయేసరికి ఆ నిర్ణయం తెగింది.

"క్లచ్! క్లచ్! అదేమన్నా నిప్పా, అంటుకోగానే లాగేసుకుంటావ్? ఎనిమిదో అంతస్తు మీద తాడు పట్టుకుని వేలాడతావు, ఇంత పెడల్ తొక్కలేవా?"

పగిలిన గొంతు. గాలి ఎక్కువ, మాట తక్కువ. అయినా అది ఆయనే, నూటికి నూరుపాళ్లు. అవతల పడుకున్న కుక్క లేచి దూరంగా వెళ్ళిపోయింది. నాకు నవ్వొచ్చింది, కళ్ళు నిండాయి, ముందున్నదేదీ కనిపించలేదు. తుడుచుకుని తాళం తిప్పాను.

నాలుగోసారి కుదిరింది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అరికాలికి తెలిసింది. బండి మెత్తగా వణికి, ముందుకు జరగడానికి సిద్ధమైంది. అప్పుడు నేను కావాలనే కాలు తీసేశాను.

బండి ఎగిరిపడి ఆగిపోయింది.

మాస్టారు వెంటనే అరవలేదు. నా పాదం వైపు చూశారు. ఇరవై ఆరేళ్లు పక్క సీట్లో కూర్చుని పరాయివాళ్ల పాదాలు చూసిన మనిషి. చేతకాక జారిన కాలు ఏదో, కావాలని తీసిన కాలు ఏదో ఆయనకి తెలియకుండా పోదు. తెలిసింది. నా మొహంలోకి ఒకసారి చూసి, తల తిప్పుకుని, గొంతు సవరించుకున్నారు.

తర్వాత "నీకు కాళ్ళా, కట్టెలా?" అని మొదలుపెట్టి, ఇరవై రెండేళ్ల కిందట నేను దిగిపోబట్టి మిగిలిపోయిన తిట్లన్నీ వరసగా, ఒక్కటి కూడా వదలకుండా తిట్టారు. నేను స్టీరింగ్ పట్టుకుని చివరిదాకా విన్నాను.